అమ్మ కవరు, డాక్టరుగారి కంప్యూటరు

పోయిన నెల అమ్మని కీళ్ల నొప్పులకి చూపించడానికి తీసుకెళ్లాను. మా ముందు లోపలికి వెళ్లిన పెద్దాయన బయటికొస్తూనే పక్క కుర్చీలో కూలబడి, "నేను చెబుతున్నంతసేపూ ఆయన టైపు కొట్టుకుంటూనే ఉన్నాడు బాబూ. మొహం వంక చూస్తే కదా రోగం తెలిసేది!" అన్నాడు. హాల్లో నలుగురైదుగురు తలలూపారు. ఒకావిడ వాళ్ల ఊళ్లో పాత డాక్టరు గురించి చెప్పడం మొదలుపెట్టింది. కంటి రెప్ప కిందికి లాగి చూసి, నాలుక చాపించి, పొట్ట మీద వేళ్లతో తట్టి చూసి, అప్పుడు మందు రాసేవాడట. అలాంటి హస్తవాసి ఇప్పుడెవరికుంది అంది.

నేనూ తలూపబోయి ఆగిపోయాను. ఆ సమయంలో నా ఒళ్లో అమ్మ ప్లాస్టిక్ కవరు ఉంది. చీరల షాపువాళ్లు ఇచ్చిన పెద్ద కవరు. అందులో పాతికేళ్ల కాగితాలు. మడతల దగ్గర చిరిగిన చీటీలు, వెలిసిపోయి గీతలు కనిపించని ఈసీజీ, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఎక్స్‌రే ఫిల్ములు, పైన తేదీ చినిగిపోయిన రక్తపరీక్షలు. డాక్టరు మారినప్పుడల్లా ఈ కవరు మోసుకెళ్లడం, ఆయన పైనున్న రెండు కాగితాలు చూసి మిగతాది పక్కన పెట్టేయడం మాకు మామూలే. ఆ పాత డాక్టరుగారి హస్తవాసి మీద నాకూ గౌరవం ఉంది. కానీ ఆయనకి గుర్తున్నదంతా ఆయనతోనే పోయింది. అమ్మ కవరు చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

వైద్యంలో కంప్యూటర్ వల్ల లాభమేమిటని అడిగితే చాలామంది రోబో సర్జరీ అనో, ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే ఏఐ అనో అంటారు. నా లెక్కలో అవన్నీ తర్వాతి మాట. మందు పేరు స్పష్టంగా ఉండటం, ఈ ఒంటికి ఏది పడదో తెలిసి ఉండటం, ఒక డాక్టరు కనిపెట్టింది ఇంకో డాక్టరుకి అందటం ముందు కావాలి. ఈ మూడూ చాలా మామూలు విషయాలు. మనుషులు ప్రాణాలు పోగొట్టుకునేది కూడా ఒక్కోసారి ఇలాంటి మామూలు విషయాల దగ్గరే.

మావయ్య షాపు

మా మేనమామకి నరసరావుపేటలో మందుల షాపు ఉండేది. పదో తరగతి సెలవుల నుంచి డిగ్రీ అయ్యేదాకా, 1986 నుంచి 1991 వరకు, ఎండాకాలాలన్నీ నేను ఆ కౌంటరు వెనకే గడిపాను. చీటీ చేతికి రాగానే మావయ్య ముందు పైనున్న డాక్టరు పేరు చూసేవాడు. ఎవరు రాశారో తెలిస్తే సగం చదివేసినట్టే. ఒకాయన రాతలో ఎమ్ కీ ఎన్ కీ తేడా ఉండదు. ఒకావిడ మొదటి మూడక్షరాలు రాసి తర్వాత గీత లాగేస్తుంది. అవన్నీ మావయ్యకి కంఠతా వచ్చు. గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన కొత్త చీటీ అయితే మాత్రం వెలుతురులోకి తెచ్చుకుని, "ఏం ఇబ్బందమ్మా నీకు?" అని అడిగేవాడు. జబ్బు తెలిస్తే మందు ఊహించొచ్చు. మరీ అనుమానంగా ఉంటే చీటీ ఇచ్చి నన్ను సైకిలు మీద డాక్టరుగారి దగ్గరికి పంపేవాడు. ఊరి చీటీ అయితే సరే, హైదరాబాదు చీటీకి సైకిలేం చేస్తుంది?

అప్పుడది నాకు గొప్ప విద్యలా కనిపించేది. నిజంగా గొప్ప విద్యే. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మందుని ఊహించడమేమిటి?

ఒక మధ్యాహ్నం మావయ్య భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు గుండెజబ్బు మనిషి ఒకాయన చీటీ తెచ్చాడు. డిజాక్సిన్. దాని పక్కన 1/2 అని ఉంది. మధ్యగీత వాలిపోయి అడ్డంగా పడింది. నేను దాన్ని 1-2 అని చదివాను. పొద్దున ఒకటి, రాత్రి రెండు అని కాగితం కవరు మీద గీతలు పెట్టాను. చదువురానివాళ్ల కోసం మేం అలా గీతలే పెట్టేవాళ్లం. రోజుకి సగం మాత్ర వేసుకోవలసిన మనిషికి మూడు మాత్రలు చెప్పానన్నమాట. డిజాక్సిన్‌లో మేలుచేసే మోతాదుకీ ప్రాణం మీదికి తెచ్చే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. డబ్బులు తీసుకునే సమయానికి మావయ్య వచ్చి, కవరు చూసి వెనక్కి లాక్కున్నాడు. నన్ను తిట్టలేదు. కవరు చింపి, కొత్తదాని మీద తనే రాసి, ఆయనకి రెండుసార్లు చెప్పి పంపాడు. తర్వాత చాలాసేపు స్టూలు మీద మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ రోజు మావయ్య భోజనం త్వరగా ముగించుకుని రాకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఇలాంటిదే ఇంగ్లండులో ఒకటి కోర్టుదాకా వెళ్లింది. ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉన్న రోగికి డాక్టరు రాసింది అమాక్సిల్, అంటే మనకి తెలిసిన అమాక్సిసిలిన్. షాపులో దాన్ని డయోనిల్ అని చదివారు. డయోనిల్ షుగరు మాత్ర, మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లు వాడినదే. షుగరు లేని మనిషి ఆ మాత్రలు మింగితే రక్తంలో చక్కెర పడిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. కేసు 1989లో అప్పీలు కోర్టులో తేలింది. పరిహారంలో నాలుగో వంతు బాధ్యత డాక్టరు మీద, అర్థంకాని రాత రాసినందుకు. మిగతాది షాపు మీద, అనుమానం రావలసినచోట రానందుకు. రెండు పేర్లూ వంకర రాతలో రాసి చూడండి, ఎంత దగ్గరగా ఉంటాయో తెలుస్తుంది.

మన దేశంలోనూ 2016లో వైద్యమండలి నియమం మార్చింది. మందు అసలు పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమంది. మంచి నియమమే. కానీ ఉదయం నుంచి ఎనభై మందిని చూసిన చెయ్యి ఎనభై ఒకటో చీటీలో పెద్దక్షరాలు ఎలా రాస్తుంది? ఆ పని కంప్యూటరు అలసట లేకుండా చేస్తుంది. ఇంకో పని కూడా చేయగలదు, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొన్నిచోట్ల ఇప్పుడు ప్రింటు చీటీ మీద '1-0-1' పక్కనే "ఉదయం టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి" అని తెలుగులో వస్తోంది. మా అమ్మ అయిదో తరగతి చదివింది. ఆ చీటీ ఆవిడ తనే చదువుకుని తనే వేసుకుంటుంది, నాకు ఫోన్ చేయకుండా. ఆమె ముఖంలో ఆ ధీమా చూశాక తెలుగు ప్రింటు చిన్న విషయమని నేను అనలేను.

బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టర్లు మందుల ఆర్డర్లు కంప్యూటర్‌లోనే రాసే పద్ధతి పెట్టి, ముందూ వెనకా లెక్క చూశారు. ప్రమాదం తెచ్చే మందుల తప్పులు 55 శాతం తగ్గాయి. 1998లో వచ్చిన లెక్క ఇది. అప్పటి ప్రోగ్రాము చాలా సాదాసీదాది. మోతాదు ఎంచుకునే జాబితా, పడని మందు రాస్తే హెచ్చరిక, రెండు మందులు ఒకదానితో ఒకటి పడకపోతే హెచ్చరిక, అంతే.

పెద్ద తెల్ల మాత్ర

1994లో అమ్మకి జ్వరం వచ్చి మా ఊరి నర్సింగ్ హోంలో చేర్చాం. ఒక మాత్ర వేసుకున్న కొన్ని గంటలకి ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాపు. డాక్టరుగారు వెంటనే సల్ఫా జాతికి చెందిన ఆ మందు ఆపించి, కేస్ షీటు మీద ఎర్ర సిరాతో 'సల్ఫా పడదు' అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆ పని చేసినందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను. అయితే కేస్ షీటు నర్సింగ్ హోం బీరువాలో ఉండిపోయింది. కొన్నేళ్లకి ఆయన ప్రాక్టీసు మానేశారు. ఇప్పుడు ఆ బిల్డింగులో ట్యూషన్ సెంటరు నడుస్తోంది. బీరువా ఏమైందో ఎవరికీ తెలియదు.

అమ్మకి మాత్రం ఒక్కటే గుర్తుండిపోయింది: "పెద్ద తెల్ల మాత్ర పడదు."

2009లో తమ్ముడి దగ్గర ఉన్నప్పుడు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. అక్కడి డాక్టరు అడగవలసినది అడిగాడు. "మీకు పడని మందులేమైనా ఉన్నాయా అమ్మా?" "పెద్ద తెల్ల మాత్ర పడదు బాబూ." "పెద్ద తెల్ల మాత్రలు రెండొందల రకాలుంటాయమ్మా, పేరేమిటి?" పేరు ఆవిడకి తెలియదు. తమ్ముడికి ఆ సంగతే తెలియదు. నాకు ఫోన్ చేసి ఉంటే చెప్పేవాణ్ని, ఎవరికీ తోచలేదు. ఆయన రాసిన మందు వేరే కంపెనీది, పేరు వేరు, లోపల సరుకు మాత్రం అదే సల్ఫా. ఈసారి దద్దుర్లతో ఆగలేదు. నోరంతా పూసింది, నీళ్లు కూడా మింగలేకపోయింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది.

ఆ డాక్టరు మీద మేం ఎవరం కోపం తెచ్చుకోలేదు. అడగవలసింది అడిగాడు, తెలిసినదాన్నిబట్టి రాశాడు. 1994లో ఎర్ర సిరాతో రాసిన ఆయన కూడా తన పని తను చేశాడు. అమ్మా తనకి గుర్తున్నది చెప్పింది. ముగ్గురూ సరిగ్గానే ఉన్నారు, అయినా అమ్మ ఆరు రోజులు నరకం చూసింది. ఎర్ర సిరా మాట నూట యాభై కిలోమీటర్లు ప్రయాణం చేయలేకపోయింది. మనదేశంలో ఒకే మందు పదుల కొద్దీ పేర్లతో దొరుకుతుంది. పేర్లన్నీ గుర్తుపెట్టుకోవడం రోగికి సాధ్యం కాదు, డాక్టరుకీ కష్టమే. 'సల్ఫా' అని ఒక్కసారి ఎక్కిస్తే, ఏ పేరుతో రాసినా పట్టుకోవడం మాత్రం చవకరకం ప్రోగ్రాముకి కూడా క్షణంలో పని.

ఇక్కడ నాకు పొలాల గొడవ గుర్తొస్తుంది. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 1998లో కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు ఈసీ కావాలంటే దరఖాస్తు పెట్టి, గుమాస్తా పాత పుస్తకాలు తిరగేసేదాకా రోజుల తరబడి తిరగాలి. ఇప్పుడు 1983 నుంచి ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో, ఏ బ్యాంకులో తాకట్టులో ఉందో కూర్చున్నచోటే చూసుకుంటున్నాం. ఈసీ చూడకుండా రెండు సెంట్ల స్థలం కూడా కొనం. మరి డెబ్బై నాలుగేళ్ల అమ్మ ఒంటికి ఈసీ ఏది? ఏ మందు పడలేదు, ఏ ఆపరేషన్ అయింది, ఏ ఏడు రక్తం ఎంత ఉంది, అంతా చీరల షాపు కవర్లో ఉంది.

చేయడం మనకి చేతకాక కాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పటి నుంచీ ఆసుపత్రులు రోగి ఫొటోతో సహా కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి అనుమతి తెచ్చుకుంటున్నాయి. డబ్బు రావాలంటే ఎక్కించక తప్పదు కాబట్టి చిన్న ఊళ్ల ఆసుపత్రులు కూడా నేర్చుకున్నాయి. మా బంధువు ఒకాయనకి ఆపరేషన్ అయినప్పుడు క్లెయిము కోసం పన్నెండు కాగితాలు స్కాన్ చేయడం నేను కళ్లారా చూశాను. అదే ఆసుపత్రి డిశ్చార్జి రోజున ఆయన చేతికి ఇచ్చింది, చేత్తో గిలికిన ఒక్క చీటీ. ఆ పన్నెండు కాగితాల వివరమూ ఆయన ఫోన్‌కి పంపడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది.

2021లో దేశమంతటా మొదలైన ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబరు ఈ కొరత తీర్చడానికే. పద్నాలుగు అంకెలు. అమ్మకి నేనే ఫోన్‌లో చేసిపెట్టాను. ఇప్పటికి అందులో ఒక్క కాగితం లేదు, ఎందుకంటే మేం వెళ్లే చోట్ల ఎవరూ అందులోకి పంపడం లేదు. బీరువా వచ్చింది, అరలు ఖాళీగా ఉన్నాయి.

అయితే నిండిన బీరువా కూడా మన దగ్గరే ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు 2010 ఆగస్టు నుంచీ కంప్యూటర్‌లో చేరుతూ వచ్చిన రోగుల వివరాల ఆధారంగా లక్షల మంది కళ్ల గురించి పరిశోధన పత్రాలు రాశారు. వాళ్లకి పల్లెల్లో చిన్న విజన్ సెంటర్లున్నాయి. అక్కడ పరీక్ష చేసేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన టెక్నీషియన్. ఆ వివరం తెర మీద చూసి దూరాన ఉన్న డాక్టరు సలహా చెప్పగలుగుతున్నాడు. అదే తెలుగునేల, అదే కరెంటు, అవే పల్లెలు.

తెలివైన డాక్టరుకి కూడా

"మంచి డాక్టరుకి ఇవన్నీ అక్కర్లేదండీ, చెయ్యి పెడితే తెలిసిపోతుంది" అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఇంగ్లండులోని లీడ్స్‌లో 1972లో ఒక పరీక్ష చేశారు. అకస్మాత్తుగా కడుపునొప్పితో వచ్చిన 304 మందికి జబ్బేమిటో డాక్టర్లూ చెప్పారు, లక్షణాలు ఎక్కిస్తే కంప్యూటరూ చెప్పింది. చివరికి తేలినదానితో పోలిస్తే కంప్యూటరు 91.8 శాతం సరిగ్గా చెప్పింది. అందరికన్నా సీనియర్ డాక్టరు 79.6 శాతం. చాలామంది ఇక్కడితో ఆపి కంప్యూటరే గొప్పదంటారు. నాకు నచ్చింది తర్వాతి సంగతి. ఆ పరీక్ష జరుగుతున్నన్నాళ్లూ డాక్టర్ల అంచనాలు కూడా మెరుగయ్యాయి. కంప్యూటర్‌కి ఎక్కించాలంటే నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, కదిలితే ఎక్కువవుతుందా అని ప్రతి రోగినీ వరసగా, ఏదీ వదలకుండా అడగాలి కదా. పరీక్ష అయిపోయాక ఆ మెరుగుదల మళ్లీ తగ్గిపోయింది. అంటే కంప్యూటరు వాళ్లని పద్ధతిగా అడిగేలా చేసింది, రోగికి మేలు జరిగింది అక్కడే.

అమెరికాలో ఇండియానాపోలిస్‌లో 1976లో ఇంకొకటి జరిగింది. రోగి వివరాల్లో పట్టించుకోవలసినది కనిపిస్తే కంప్యూటరు ఒక కాగితం మీద ప్రింటు తీసి డాక్టరు ముందు పెట్టేది. ఫలానా పరీక్ష చేయించాలి, ఫలానా మోతాదు మార్చాలి అని. ఆ కాగితం ఉన్నప్పుడు డాక్టర్లు 51 శాతం సందర్భాల్లో చేయవలసింది చేశారు. లేనప్పుడు 22 శాతమే. వాళ్లకి తెలియక కాదు, అడిగితే అందరూ చెప్పగలరు. అంత పనిలో, అంత రద్దీలో గుర్తుకు రాలేదు. నాకిది డాక్టర్లని తక్కువ చేసే లెక్కలా అనిపించలేదు. వాళ్ల మీద ఎంత బరువు పెడుతున్నామో చెప్పే లెక్కలా అనిపించింది.

మనం ఒక విచిత్రం గమనించం. సీటీ స్కాన్ రాస్తే అప్పుచేసి మరీ తీయించుకుంటాం, ఫిల్మును భద్రంగా పట్టుకొస్తాం. ఆ స్కానే కంప్యూటర్. దాన్ని కనిపెట్టిన ఇంగ్లండు ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ మొదట ప్రయోగశాలలో కట్టినదాంట్లో ఒక్క చిత్రానికి కొలతలు తీయడానికి తొమ్మిది రోజులు, వాటిని లెక్కకట్టడానికి పెద్ద కంప్యూటర్‌కి రెండున్నర గంటలు పట్టాయి. 1971 అక్టోబరు 1న లండన్‌లో మెరుగుపరిచిన యంత్రంతో మొదటి రోగి తలని చూడగలిగారు. లెక్క కట్టే యంత్రం లేకపోతే ఆ కొలతలు ఉత్త అంకెలు. గోడ అవతల ఉన్న ఆ కంప్యూటర్‌ని నమ్ముతాం, బల్ల మీద ఉన్న కంప్యూటర్‌ని చూసి విసుక్కుంటాం.

పెద్దాయన మాట

విసుగుకి కారణం లేకపోలేదు. ఆ పెద్దాయన మాట నన్ను ఇప్పటికీ పట్టుకునే ఉంది, అందుకే ఈ వ్యాసం ఇంత పొడుగవుతోంది.

కంప్యూటరు పెట్టడమే మేలు అనుకునేవాళ్లు అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి సంగతి తెలుసుకోవాలి. 2002 చివర్లో అక్కడ ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లోకి మార్చారు, అదీ ఆసుపత్రి మొత్తానికి కొద్ది రోజుల్లోనే. బయటి ఆసుపత్రుల నుంచి తెచ్చిన పిల్లల్లో మరణాలు అంతకుముందు 2.80 శాతం ఉండేవి, మార్చాక అయిదు నెలల్లో 6.57 శాతం అయ్యాయి. 1942 మంది పిల్లల లెక్క ఇది, 2005లో బయటికొచ్చింది. మొదటిసారి చదివినప్పుడు నా అభిప్రాయం పునాది కదిలినట్టయింది. కారణాలు చదివితే కడుపు రగిలింది. ముందు పద్ధతిలో అంబులెన్సు దారిలో ఉండగానే మందులు రాసిపెట్టి సిద్ధం చేసేవారు. కొత్త పద్ధతిలో బిడ్డ ఆసుపత్రికి చేరి, పేరు నమోదయ్యేదాకా కంప్యూటరు ఆర్డరు తీసుకోదు. చేతికందే చోట ఉండే మందుల్ని ఆసుపత్రి ఫార్మసీకి మార్చారు. మంచం పక్కన ఉండవలసిన నర్సులు, డాక్టర్లు తెరల ముందు ఇరుక్కున్నారు. ఊపిరి అందని బిడ్డకి ఒక్క నిమిషం ఎంతో మనకి తెలుసు.

సియాటిల్‌లోని పిల్లల ఆసుపత్రి తర్వాత అదే కంపెనీ ప్రోగ్రాము పెట్టుకుంది. అక్కడ మరణాలు పెరగలేదు. పిట్స్‌బర్గ్‌లో ఏం జరిగిందో ముందే తెలుసుకుని, పని ఎలా జరుగుతుందో చూసుకుని దానికి తగ్గట్టు పెట్టుకున్నారు. కాబట్టి తప్పు యంత్రానిది కాదని తోసేయడం తేలిక. ఆ పిల్లల తల్లిదండ్రులకి ఆ మాట ఎందుకు పనికొస్తుంది? నా మటుకు నేను దీని నుంచి తీసుకున్నది ఇంతే. కంప్యూటరు ఎక్కడ పెట్టినా, అది రోగికీ చూసేవాళ్లకీ మధ్య నిమిషాలు పెంచుతోందా తగ్గిస్తోందా అని గడియారం పట్టుకుని చూడాలి. పెంచుతుంటే ఆపాలి.

చూపు సంగతీ అంతే. డాక్టరు టైపు కొట్టడం ఎందుకు? నేను చూసిన ఒక చిన్న క్లినిక్‌లో బీపీ, బరువు, షుగరు, పాత మందులు అన్నీ బయట కూర్చున్న సిస్టరే ఎక్కిస్తుంది. లోపల తెర డాక్టరుకీ రోగికీ పక్కగా ఉంటుంది, ఇద్దరికీ కనిపించేలా. ఆయన మనిషితో మాట్లాడి, చెయ్యి పెట్టి చూసి, చివర్లో ఒక్క నిమిషం కంప్యూటర్ వైపు తిరుగుతారు. ఒక సిస్టరు జీతం, ఒక బల్ల జరపడం. దానికి కుదరదనే ఆసుపత్రులు కోట్లు పెట్టి గ్రానైటు పరుస్తున్నాయి.

ఇక గుట్టు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి, దాదాపు రెండు వారాలు ఓపీ నుంచి శాంపిళ్ల దాకా అంతా చేత్తో రాసుకున్నారు. అంత పెద్ద సంస్థకే అలా జరిగితే మన వివరాలు ఎవరి చేతిలో పడతాయోనన్న భయం నాకూ ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర జబ్బు సంగతి బయటపడితే ఏమవుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఈ భయానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టం వచ్చింది, అది ఎంతవరకు కాపాడుతుందో చూడాలి. రోగి చేతిలో ఎప్పుడూ ఒక నకలు ఉండాలని మాత్రం గట్టిగా అంటాను. సర్వరు పడిపోయినా, ఆసుపత్రి మూతపడినా మిగిలేది అదే. అమ్మ కవర్ని పారేయమని నేను ఎప్పుడూ అననిది అందుకే.

ఈసారి వెళ్లేముందు రెండు రాత్రులు కూర్చుని ఆ కవర్లోని కాగితాలన్నీ వరసపెట్టి ఒక్క పేజీ టైపు చేశాను. అన్నిటికన్నా పైన 'సల్ఫా పడదు, 1994, 2009' అని. బయట సిస్టరు దాన్ని చూసి కంప్యూటర్‌లో ఎక్కించింది. లోపల డాక్టరుగారు మొదట రెండు మూడు నిమిషాలు తెరే చూశారు, పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. తర్వాత కుర్చీ జరుపుకుని అమ్మ వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూశారు. పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటాయని అడిగారు. రక్తపరీక్షలు చూసి, ఇది వయసు నొప్పి కాదు, కీళ్లవాతం అన్నారు. మందు పేరు కొట్టడం మొదలుపెట్టగానే తెర మీద ఎర్రపట్టీ వచ్చింది. ఆయన ఆగి, మా వైపు తిరిగారు.

"సల్ఫాసలజైన్ రాయబోయాను. అమ్మగారికి సల్ఫా పడదని మీరు చెప్పారు కూడా," అన్నారు. కాసేపాగి, "పొద్దున్నుంచి మీరు నలభై ఏడోవాళ్లు," అన్నారు.

అమ్మ ఏమైందని నన్నడిగింది. "పెద్ద తెల్ల మాత్ర సంగతి కంప్యూటరు పట్టుకుందమ్మా," అన్నాను. ఆవిడ కాసేపు ఆ తెర వంక చూసింది. ఆయన వేరే మందు రాసి ప్రింటు ఇచ్చారు. బయటికొచ్చాక పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది.

కింద మందుల షాపులో ఇరవయ్యేళ్ల కుర్రాడున్నాడు. చీటీ తీసుకుని ఒక్కసారి పై నుంచి కిందికి చూసి మాత్రలు తీయడానికి లోపలికి వెళ్లాడు. వెలుతురులోకి తీసుకెళ్లలేదు, అమ్మ జబ్బేమిటని అడగలేదు. అమ్మ చీటీలో తెలుగు చదువుకుంటూ నిలబడింది.